హద్దుల దగ్గరే తగాదా: సిమ్యులేషన్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బౌండరీ కండిషన్ల మీదే ఉన్నాయి, అంటే కంప్యూటర్ మోడల్ అంచుల్లో ఏం జరుగుతోందో చెప్పే షరతుల మీద. స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్తే దస్తావేజులో చెక్కుబందీ రాస్తాం కదా, తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన పంట బోదె, పడమర దారి అని. సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రాం) అడిగేదీ అదే: నువ్వు కోసి తెచ్చిన ముక్క చుట్టూ బయట ఏముందో చెప్పు అని. కాకపోతే చెక్కుబందీ ఖాళీగా ఉంటే సబ్ రిజిస్ట్రార్ కాగితాలు వెనక్కిచ్చేస్తారు. సాఫ్ట్‌వేర్ అలా ఇవ్వదు. మీరు వదిలేసిన ముఖానికి తనకు అలవాటైంది ఏదో రాసేసుకుని లెక్క మొదలుపెడుతుంది.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు: మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఒక ఛాంబర్ తీసుకుని గాలి ఎలా తిరుగుతుందో ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. కూలర్ ఫ్యాన్ ముఖానికి వేగం ఇచ్చి, 2 డిగ్రీల గాలి అన్నాను. పోయినంత తిరిగి రావాలి కదా అని కూలర్ వెనక, గాలి పీల్చే వైపు కూడా అదే వేగం ఇచ్చాను. కంటిన్యుయిటీ ఎర్రర్ (వచ్చే గాలికీ పోయే గాలికీ లెక్క కుదరకపోవడం) సరిచేయడం కుదరదని చెప్పి ఆగిపోతోంది. ఒకవైపు అంకె కాస్త సర్ది నడిపిస్తే ఛాంబర్ మూలమూలకీ, టిక్కీల మధ్య కూడా 2 డిగ్రీలే చూపిస్తోంది. అసలు ఛాంబర్‌లో థర్మామీటర్ 6 దగ్గర ఆగుతుంది. గోడలకి ఏమీ ఇవ్వలేదు, జీరోగ్రేడియంట్ అలాగే ఉంచాను.

జవాబు: ఇందులో మూడు తప్పులు కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

మొదటిది, రెండు వైపులా వేగం కట్టేయడం. మీ ఫ్యాన్ గుండ్రం, కానీ మెష్‌లో, అంటే లెక్క కోసం మోడల్‌ని చిన్న ముక్కలుగా కోసిన వలలో, అది గుండ్రంగా ఉండదు. 500 మిల్లీమీటర్ల వృత్తాన్ని 16 పలకలుగా కోస్తే వైశాల్యం 0.1963 చదరపు మీటర్లు కావాల్సింది 0.1913కి పడిపోతుంది, అంటే రెండున్నర శాతం తక్కువ. వెనక నలుచదరపు ముఖానికి ఆ తరుగు లేదు. లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ ఆ రెండున్నర శాతం తేడా మిగిలిపోయింది. సాంద్రతలో మార్పు నామమాత్రమైన ఇలాంటి లెక్కలో ఆ మిగులు గాలిని దాచుకోడానికి సాల్వర్‌కి చోటు లేదు. అందుకే మొరాయించింది. మీరు అంకె సర్ది నడిపించారు కానీ, మెష్ మార్చిన ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాల్సి వస్తుంది.

ఒక ముఖానికి వేగం చెబితే రెండో ముఖానికి ప్రెషర్ చెప్పండి. ఫ్యాన్ ముఖానికి ఫ్లోరేట్‌ఇన్‌లెట్‌వెలాసిటీ వాడి, వేగం బదులు ఘనపరిమాణం ఇస్తే పలకల తరుగు సమస్యే ఉండదు. గంటకు 6000 ఘనపు మీటర్ల ఫ్యాన్ అయితే సెకనుకు 1.67, వేగం దానంతటది 8.5 మీటర్ల దగ్గర వస్తుంది. ఒక మాట: ఫ్యాన్ ప్లేటు మీద ఉన్న అంకె చాలాసార్లు అడ్డులేని గాలికి రాసింది. కాయిల్ మీద మంచు పేరుకున్నాక అంత రాదు. కుదిరితే ఎనిమోమీటర్‌తో ముఖం మీద తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీసుకోండి. పీల్చే ముఖానికి ప్రెషర్ స్థిరంగా ఇవ్వండి. అయితే చల్లగాలి కిందికి జారడం కూడా లెక్కలో ఉండే బోయంట్ సాల్వర్ వాడుతుంటే ఇవ్వాల్సింది మామూలు ప్రెషర్ కాదు, ఎత్తు వల్ల వచ్చే భాగం తీసేసిన పి-ఆర్‌జీహెచ్. 6 మీటర్ల ఎత్తుకి గాలి బరువు వల్ల వచ్చే తేడాయే 75 పాస్కళ్లు. గదిలో గాలిని కదిలించే తేడాలు దానిముందు ఏపాటివి? ముఖం నిలువునా ఒకే మామూలు ప్రెషర్ ఇస్తే పైనుంచి లోపలికీ కిందనుంచి బయటికీ లేని గాలి ఒకటి పుట్టుకొస్తుంది.

రెండోది 2 డిగ్రీలు. ఫ్యాన్ ముఖానికి ఉష్ణోగ్రత కట్టేశారంటే, వెనక నుంచి ఎంత వేడి గాలి వచ్చినా సరే 2 డిగ్రీలకి దించి పంపే కూలర్ మీ దగ్గర ఉందని సాల్వర్‌కి మాటిచ్చినట్టు. అలాంటి కూలర్ బజారులో దొరకదు. సెకనుకు 1.67 ఘనపు మీటర్లంటే, 5 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత 1.27 కాబట్టి, 2.12 కిలోలు. అంత గాలిని ఒక్క డిగ్రీ దించడానికి దాదాపు 2.13 కిలోవాట్లు కావాలి. మీ కూలర్ 8.5 కిలోవాట్లదైతే ఒక చుట్టుకి 4 డిగ్రీలు దించగలదు, అంతే. వెనక 6 వస్తే ముందు 2, వెనక 10 వస్తే ముందు 6. కాబట్టి ఇన్‌లెట్‌కి అంకె ఇవ్వకుండా, 'పీల్చే ముఖం సగటు ఉష్ణోగ్రత నుంచి 4 తీసేయి' అని సంబంధం ఇవ్వాలి. అవుట్‌లెట్‌మ్యాప్డ్‌యూనిఫాంఇన్‌లెట్ ఇందుకు పనికొస్తుంది. మీ వెర్షన్‌లో తీసివేత కుదరకపోతే కోడెడ్‌ఫిక్స్‌డ్‌వాల్యూలో నాలుగు లైన్లు రాసుకోవచ్చు. ఓపెన్‌ఫోమ్‌లో ఉష్ణోగ్రత కెల్విన్లలో అని వేరే చెప్పక్కర్లేదు, 2 డిగ్రీలంటే 275.15.

మూడోది గోడలు. జీరోగ్రేడియంట్ అంటే గోడ గుండా ఒక్క వాట్ కూడా రాదని అర్థం. 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ ఎంత మంచిదైనా చదరపు మీటరుకి డిగ్రీకి 0.22 వాట్ల దాకా లోపలికి వదులుతుంది. బయట 42, లోపల 5 అయితే చదరపు మీటరుకి 8 వాట్లు. చిన్నగానే కనిపిస్తుంది కానీ గోడలూ పైకప్పూ కలిపి 600 చదరపు మీటర్లుంటే 4.9 కిలోవాట్లు, మీ కూలర్ శక్తిలో సగం పైనే. ఎక్స్‌టర్నల్‌వాల్‌హీట్‌ఫ్లక్స్‌టెంపరేచర్ తీసుకుని, బయటి గాలి ఉష్ణోగ్రత, బయటి హెచ్ (గాలికీ ముఖానికీ మధ్య వేడి ఎంత తేలిగ్గా మారుతుందో చెప్పే అంకె), ప్యానెల్ మందం, దాని వాహకత ఇవ్వండి. ప్యానెల్‌ని మెష్ చేయాల్సిన పని లేదు.

తలుపు తెరిచిన పరిస్థితి కూడా చేయబోతుంటే గాలి అటూ ఇటూ పోగల ముఖానికి ఇచ్చే ఇన్‌లెట్‌అవుట్‌లెట్‌లో ఇన్‌లెట్‌వాల్యూ, అంటే లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత, చూసుకోండి. లోపలి ఉష్ణోగ్రత ఫైల్ నుంచి కాపీ కొట్టి 278 అలాగే వదిలేస్తే, మే నెల మధ్యాహ్నం గుంటూరు వీధిలోంచి 5 డిగ్రీల గాలి లోపలికొస్తుంది. వస్తే బాగుండు కానీ.

విజయవాడ, పటమట నుంచి ఒక ఎంటెక్ విద్యార్థిని: 120 మిల్లీమీటర్ల కాంక్రీట్ శ్లాబ్ గుండా వేసవిలో ఎంత వేడి దిగుతుందో చూస్తున్నాను. పైముఖానికి 42 డిగ్రీలు, కింది ముఖానికి 30 డిగ్రీలు స్థిరంగా ఇచ్చాను. చదరపు మీటరుకి 150 వాట్లు వచ్చింది. మా గైడ్ గారు పైముఖం ఎండకి 67 దాకా పోతుందన్నారు. 67 పెడితే 462 వాట్లు వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ వద్దండి. 42 బయటి గాలి ఉష్ణోగ్రత, 30 గది గాలి ఉష్ణోగ్రత. శ్లాబ్ ముఖాలవి కావు. గాలి అంకెని తీసుకెళ్లి కాంక్రీట్‌కి అంటించారంటే, గాలికీ శ్లాబ్‌కీ మధ్య ఉండే అడ్డు సున్నా అని ఒప్పుకున్నట్టే. మీ శ్లాబ్‌లో అసలు అడ్డు అక్కడే ఉంది. కాంక్రీట్ వాహకత 1.5 అనుకుంటే శ్లాబ్ నిరోధం 0.12 బై 1.5, అంటే 0.08. పైన గాలి పొరకి హెచ్ 20 తీసుకుంటే 0.05. కింద వేడి పైనుంచి దిగుతుంది కాబట్టి గాలి కదలదు, హెచ్ 6 దగ్గరే ఉంటుంది, నిరోధం 0.167. మొత్తం 0.297లో కాంక్రీట్ వాటా పావు కన్నా కాస్తే ఎక్కువ. మిగతాదంతా మీరు వదిలేశారు.

మీ గైడ్ గారి 67 తప్పు అంకె కాదు, పెట్టిన చోటే తప్పు. అది సోల్-ఎయిర్ ఉష్ణోగ్రత, అంటే ఎండని కూడా కలుపుకున్న ఊహాగాలి ఉష్ణోగ్రత. వెలిసిన సిమెంట్ డాబా ఎండలో 0.65 వంతు పీలుస్తుందనుకోండి, మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి 900 వాట్లు. 0.65ని 900తో హెచ్చించి 20తో భాగిస్తే 29 డిగ్రీలు. ఆకాశంలోకి పోయే రేడియేషన్ కింద 4 తీసేయాలి. 42కి 29 కలిపి 4 తీస్తే 67. దీన్ని కన్వెక్షన్ (గాలి ద్వారా వేడి మారే) కండిషన్‌లో బయటి ఉష్ణోగ్రతగా ఇచ్చి హెచ్ 20 అనండి, కింద 30, హెచ్ 6 ఇవ్వండి. 37ని 0.297తో భాగిస్తే 125 వాట్ల దగ్గర రావాలి. మీ మోడల్ అంతే ఇస్తే సెట్టింగ్ కుదిరినట్టు. డాబాకి తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేసి పీల్చే వంతు 0.3కి దించారనుకోండి, 67 కాస్తా 51.5 అవుతుంది, వేడి 72 వాట్లకి పడుతుంది. ఇలాంటి పోలిక చేయడానికే ఈ కండిషన్ కావాలి. పైముఖాన్ని 42కి కట్టేసిన మోడల్‌లో పెయింట్ ఎన్ని పొరలు కొట్టినా అంకె కదలదు.

శ్లాబ్‌ని మిల్లీమీటర్లలో గీశారేమో చూసుకోండి. యూనిట్లు వేరుగా అడగని ప్రోగ్రాంలలో 20ని 0.00002గా మార్చి ఇవ్వాలి. 20 అలాగే ఇస్తే హెచ్ పది లక్షల రెట్లు అవుతుంది, అప్పుడు కన్వెక్షన్ కాస్తా మళ్లీ స్థిర ఉష్ణోగ్రతే. పైముఖం చక్కగా 67 చూపిస్తే ఇదే అయి ఉండొచ్చు. సరిగ్గా పెడితే పైముఖం 60.8 దగ్గర ఉండాలి.

ఇంకొకటి. ఇదంతా స్టెడీ లెక్క, కాలంతో ఏదీ మారదనుకున్నది. ఎండ రోజంతా 900 ఉండదు, శ్లాబ్ వేడెక్కడానికి గంటలు పడుతుంది. సాయంత్రం దాటాక ఫ్యాన్ కింద వేడిగాలి కొట్టేది అందుకే. ఆ ఆలస్యం కావాలంటే బయటి ఉష్ణోగ్రతకి 24 గంటల పట్టిక ఇచ్చి ట్రాన్సియెంట్ (కాలంతో మారే లెక్క) చేయండి. మొదటి రోజు ఫలితం పారేసి, మూడో రోజో నాలుగో రోజో ముందురోజుతో సమానమయ్యాక తీసుకోండి.

విజయవాడ ఆటోనగర్ నుంచి: ట్రాలీ బాడీ కింద 100 మిల్లీమీటర్ల సి ఛానల్ (సి ఆకారం ఉక్కు దూలం) క్రాస్ మెంబర్, అంటే అడ్డదూలం. స్పాన్ 2 మీటర్లు, మీటరుకి 5 కిలోన్యూటన్ల లోడ్. రెండు చివర్లకీ ఫిక్స్‌డ్ సపోర్ట్ ఇస్తే వంపు 0.56 మిల్లీమీటర్లు వచ్చింది. లోడ్ వేసి డయల్ గేజ్ పెడితే 2 దాటింది. పైగా మెష్ సన్నం చేసేకొద్దీ చివర్లో స్ట్రెస్ పెరుగుతూనే ఉంది: 10 మిల్లీమీటర్లకి 62 మెగాపాస్కళ్లు, 5కి 76, రెండున్నరకి 93.

జవాబు: ఫిక్స్‌డ్ అంటే ఆ చివర కదలదు, తిరగదు, వెంట్రుకవాసి కూడా. మీ ఛానల్ నాలుగు బోల్టులతో లాంగ్ మెంబర్ (ట్రాలీ పొడుగునా ఉండే దూలం) నిలువు పలకకి పట్టి ఉంది. లాంగ్ మెంబర్ తనే మెలితిరుగుతుంది, బోల్టు రంధ్రాల్లో సందు ఉంటుంది. అది ఫిక్స్‌డ్ ఎలా అవుతుంది? కాగితం మీద చూడండి. మీ ఛానల్, అంటే ఐఎస్ఎంసీ 100కి, వంపుని అడ్డుకునే జడత్వం (మూమెంట్ ఆఫ్ ఇనర్షియా) 186.7 సెంటీమీటర్ల నాలుగో ఘాతం. చివర్లు స్వేచ్ఛగా తిరిగితే మధ్య వంపు 2.8 మిల్లీమీటర్లు, కట్టేస్తే అందులో అయిదో వంతు, 0.56. మీ గేజ్ ఈ రెంటి మధ్య, స్వేచ్ఛ వైపు మొగ్గి చదివింది. స్ట్రెస్ కూడా అంకె మారడమే కాదు, చోటే మారిపోతుంది. స్వేచ్ఛగా ఉంటే 67 మెగాపాస్కళ్లు మధ్యలో. కట్టేస్తే మధ్యలో 22, చివర 45. అంటే ఫిక్స్‌డ్ నమ్మి చివర గస్సెట్ (బలం కోసం వేసే పలక) వెల్డ్ చేస్తే, పగిలేది మధ్యలో.

చెయ్యాల్సింది: లాంగ్ మెంబర్‌ని అటూఇటూ 300 మిల్లీమీటర్లు కూడా మోడల్‌లో కలపండి, కట్టేది దాని కోసిన చివర్లని. అంత ఓపిక లేకపోతే ఛానల్ చివర ముఖాన్ని రిమోట్ డిస్‌ప్లేస్‌మెంట్‌కి (ముఖం కదలికనీ తిరుగుడునీ విడివిడిగా పట్టే కండిషన్) కట్టి, వంపు తిరుగుడు వదిలేయండి, ఒక చివర పొడవు దిశ కదలిక కూడా వదిలేయండి. సాలిడ్ ఎలిమెంట్లకి తిరుగుడు డిగ్రీ ఉండదు కాబట్టి, ముఖం మీద నోడ్లన్నిటినీ మూడు దిశల్లో పట్టేస్తే మీరు అనకపోయినా తిరుగుడు ఆగిపోతుంది. చాలామంది పడే గుంట ఇదే. పూర్తిగా వదిలేసినా కష్టమే, జీరో పివట్ అనో రిజిడ్ బాడీ మోషన్ అనో ఆగిపోతుంది. వీక్ స్ప్రింగ్స్ (మోడల్ జారిపోకుండా సాఫ్ట్‌వేర్ పెట్టే మెత్తటి స్ప్రింగులు) ఆన్ చేసి నడిపితే నడుస్తుంది కానీ, ఆ స్ప్రింగుల్లో వచ్చిన రియాక్షన్ సున్నా దగ్గర ఉందో లేదో చూడకుండా ఫలితం వాడొద్దు. సపోర్టుల రియాక్షన్లు కలిపితే 10 కిలోన్యూటన్లు రావాలి, చివరకి 5.

ఆ పెరిగే స్ట్రెస్ నిజం కాదు. లాగినప్పుడు ఉక్కు అడ్డంగా సన్నబడాలి, కట్టేసిన ముఖం సన్నబడనివ్వదు. అంచు దగ్గర లెక్క ప్రకారం స్ట్రెస్‌కి అంతే లేదు, మెష్ ఎంత సన్నం చేస్తే అంత చూపిస్తుంది. ఛానల్ ఎత్తంత దూరం, అంటే అంచు నుంచి 100 మిల్లీమీటర్లు జరిగి చదవండి, అక్కడ మెష్ మార్చినా అంకె నిలబడాలి. లాంగ్ మెంబర్ కలిపాక ఈ గొడవ కోసిన చివర్లకి వెళ్లిపోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

సి ఛానల్‌కి షియర్ సెంటర్, అంటే లోడ్ పడినా మెలితిరగకుండా వంగే బిందువు, నిలువు పలక వెనక, సెక్షన్ బయట ఉంటుంది. ఫ్లాంజ్ (అడ్డ పలక) మధ్యలో లోడ్ పెడితే వంగడంతో పాటు మెలితిరుగుతుంది. మీ గేజ్ ఫ్లాంజ్ బయటి అంచున పెట్టి ఉంటే ఆ మెలి కూడా కలిసింది.

గుంటూరు, అరండల్‌పేట నుంచి: అవుట్‌లెట్ (ప్రవాహం బయటికి పోయే ముఖం) ప్రెషర్ సున్నా అంటే వ్యాక్యూమ్ కాదా? 101325 పెట్టాలా?

జవాబు: కాదు. అది గేజ్ ప్రెషర్, బయటి గాలితో సమానం అని అర్థం. నీటికైనా గాలికైనా ఇన్‌కంప్రెసిబుల్ (సాంద్రత మారదనుకున్న) లెక్కలో ప్రెషర్ తేడాకే విలువ. ఫ్లుయెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఆపరేటింగ్ ప్రెషర్ (గేజ్ అంకెకి అది కలుపుకునేది) 101325 ఉంచి, అవుట్‌లెట్‌కి మళ్లీ 101325 పెడితే రెండు వాతావరణాలవుతాయి. ఐడియల్ గ్యాస్ వాడుతుంటే సాంద్రత రెట్టింపై, ఇన్‌లెట్‌కి వేగం ఇచ్చి ఉంటే ద్రవ్యరాశి ప్రవాహమూ రెట్టింపు వస్తుంది. ఓపెన్‌ఫోమ్ ఇన్‌కంప్రెసిబుల్ సాల్వర్లలో ఇంకో చిక్కు: అక్కడి ప్రెషర్ సాంద్రతతో భాగించింది. నీటికి 5 అని చూపిస్తే 5000 పాస్కళ్లు.

విజయవాడ నుంచి: బందరు కాలువ మీద ఒక వంతెన దగ్గర నీటిమట్టం కోసం హెక్-రాస్ అనే నదీప్రవాహ సాఫ్ట్‌వేర్‌లో 3 కిలోమీటర్ల మోడల్ చేశాను. దిగువ చివర నార్మల్ డెప్త్ (ఇచ్చిన వాలుకి నీరు నిలకడగా పారే లోతు), వాలు 0.001. ఆ వాలు మార్చిన ప్రతిసారీ వంతెన దగ్గర మట్టం కూడా మారుతోంది. దిగువ ముచ్చట ఎగువకెందుకు?

జవాబు: కాలువలో నీరు నెమ్మది. 2 మీటర్ల లోతు, సెకనుకు 0.8 మీటర్ల వేగం అనుకుంటే ఫ్రౌడ్ సంఖ్య (నీటి వేగానికీ అల వేగానికీ నిష్పత్తి) 0.18. ఒకటి కన్నా తక్కువ ఉన్నంతసేపు కబురు దిగువ నుంచి ఎగువకి పాకుతుంది. ఎంత దూరమంటే, మోటు లెక్కలో లోతుని వాలుతో భాగించి 0.7తో హెచ్చించండి. డెల్టా నేల బల్లపరుపు. వాలు పదివేలకి ఒకటి అనుకుంటే 14 కిలోమీటర్లు. మీ మోడల్ 3 కిలోమీటర్లే. పైగా 0.001 అంటే వెయ్యికి ఒకటి, డెల్టా కాలువకి మరీ నిటారు, నీటిని తక్కువ లోతుగా చూపిస్తుంది.

నార్మల్ డెప్త్ వదిలేసి, దిగువన ఉన్న రెగ్యులేటర్ దాకా మోడల్ సాగదీసి అక్కడి గేజ్ మట్టాన్ని తెలిసిన నీటిమట్టంగా ఇవ్వండి. గేజ్ దొరకకపోతే దిగువ మట్టాన్ని 30 సెంటీమీటర్లు పెంచీ తగ్గించీ రెండుసార్లు నడపండి. వంతెన దగ్గర తేడా రెండు మూడు సెంటీమీటర్లకి మించితే మోడల్ ఇంకా పొడుగు కావాలి. పైచివర ప్రవాహం చాలు. బ్యారేజీ గేటు కింద నుంచి నీరు దూసుకొచ్చే చోట మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ ఫ్రౌడ్ ఒకటి దాటుతుంది కాబట్టి ప్రవాహమూ మట్టమూ రెండూ ఎగువనే చెప్పాలి, దిగువన ఏం చెప్పినా వినదు.

గుంటూరు, బ్రాడీపేట నుంచి: 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నా చుట్టూ రేడియేషన్ బౌండరీ (తరంగాలు వెనక్కి తిరగకుండా బయటికి పోనిచ్చే హద్దు) ఎంత దూరంలో పెట్టాలి?

జవాబు: తరంగదైర్ఘ్యం 125 మిల్లీమీటర్లు, అందులో పావు, 31. ఫ్రీక్వెన్సీ స్వీప్ చేస్తుంటే కింది ఫ్రీక్వెన్సీతో లెక్కకట్టండి, 2 గిగాహెర్ట్జ్ నుంచైతే 37.5. బయటి ముఖాలకి ఏమీ ఇవ్వకపోతే చాలా ప్రోగ్రాంలు వాటిని లోహపు గోడలుగా తీసుకుంటాయి. అప్పుడు మీ యాంటెన్నా రేకు డబ్బాలో పెట్టినట్టే.